న్యూయార్క్ కేసును గెలిపించిన ఫారం

న్యూయార్క్ నగరంపై ఫెడరల్ కోర్టులో నడిచిన ‘ఫ్లాయిడ్’ కేసు అనగానే అందరూ జాతి వివక్ష గురించే మాట్లాడతారు. నిజమే, దారిన పోయేవాళ్లను ఆపి ఒళ్లు తడిమే ‘స్టాప్ అండ్ ఫ్రిస్క్’ను పోలీసులు అమలుచేసిన తీరు రాజ్యాంగ విరుద్ధమని 2013 ఆగస్టులో జడ్జి షైరా షైండ్లిన్ తేల్చారు. కానీ నా దృష్టిలో ఆ కేసును గెలిపించింది ఒక ఫారం.

దాని పేరు యూఎఫ్-250. మనిషిని ఆపినప్పుడు ఎక్కడ, ఎందుకు ఆపారో, అతనిది ఏ జాతో, ఏం దొరికిందో పోలీసే రాయాలి. అంతకుముందు ఇలాంటి తనిఖీల మీదే నగరంపై వేసిన ‘డేనియల్స్’ కేసు 2003లో రాజీ అయినప్పుడు, ఈ వివరాలు అవతలి లాయర్లకు ఇవ్వడానికి నగరం ఒప్పుకోవాల్సి వచ్చింది. అవే తర్వాత మెడకు చుట్టుకున్నాయి. 2004 జనవరి నుంచి 2012 జూన్ దాకా 44 లక్షల సార్లు జనాన్ని ఆపారు. అందులో 80 శాతానికి పైగా నల్లవాళ్లు, హిస్పానిక్‌లు (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు). 88 శాతం సార్లు అరెస్టూ లేదు, సమన్లూ లేవు. నల్లవాళ్లను ఆపితే ఆయుధం దొరికింది నూటికి ఒక్కసారి, తెల్లవాళ్లను ఆపితే 1.4 సార్లు. ఎవరిని ఎక్కువ అనుమానించారో వాళ్ల దగ్గరే తక్కువ దొరికింది!

ఒక పోలీసు తప్పుచేసినంత మాత్రాన నగరం బోనెక్కదు. అది నగర విధానమో, ఆనవాయితీయో అని రుజువు చేయాలన్నది 1978లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ‘మోనెల్’ తీర్పు. ఒక్కడి గోడు అందుకు చాలదు. 44 లక్షల ఎంట్రీలుంటే ‘ఎవరో ఒకరిద్దరి అత్యుత్సాహం’ అని చెప్పి తప్పించుకోవడం కుదరదు.

ఈ తనిఖీలు తగ్గిస్తే ప్రాణాలు పోతాయని అప్పటి న్యూయార్క్ మేయర్ బ్లూమ్‌బర్గ్ హెచ్చరించారు. 2011లో 6.85 లక్షలున్న స్టాప్‌లు 2017కి 12 వేలలోపుకు పడిపోయాయి. హత్యలు 515 నుంచి 292కి తగ్గాయి. 2019లో ఆయనే క్షమాపణ చెప్పారు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 2021 అక్టోబరులో గంజాయి వేట అంటూ హైదరాబాద్ పోలీసులు బండ్లు ఆపి, ఫోన్లలో వాట్సాప్ చాట్లు వెతికిన వీడియోలు చూశాం. ఎంతమందిని ఆపారు? ఏ బస్తీల్లో? ఎంతమంది దగ్గర ఏం దొరికింది? కార్డన్ సెర్చ్‌ల సంగతీ అంతే. తెల్లారకముందే బస్తీని చుట్టుముడతారు, పత్రాల్లేని బండ్లెన్నో మర్నాడు పేపర్లో వస్తుంది, ఏ తప్పూ లేకుండా నిద్రలేపిన ఇళ్లెన్నో రాదు. ఆ లెక్క లేకుండా హైకోర్టుకు వెళ్లినవాడు వివక్షను దేంతో రుజువు చేస్తాడు?

హెల్మెట్ లేకపోతే ఫొటో, టైము, చోటుతో సహా ఈ-చలానా పంపే వ్యవస్థ మనది. అదే పోలీసు రోడ్డు మీద మనిషిని ఆపి జేబులు, ఫోను వెతికితే కారణం రాసి రసీదు ఇవ్వాలి. స్టేషన్ల వారీగా ఆ లెక్కలను మూడు నెలలకోసారి వెబ్‌సైట్‌లో పెట్టాలి.