ఈ జాతికి ఇది మామూలే

మా ఇంట్లో ఒక మహావీరుడున్నాడు. పేరు భీముడు, జాతి ఇంగ్లిష్ బుల్‌డాగ్, బరువు 26 కిలోలు. ఈ వ్యాసం రాస్తున్న వేళ ఆయనగారు నా ఎడమ పాదం మీద గడ్డం మోపి నిద్రపోతున్నారు. పాదం తిమ్మిరెక్కి చాలాసేపయింది. తీస్తే లేస్తారు, లేస్తే రొప్పుతారు, రొప్పితే నీళ్లు తాగుతారు, తాగిన నీళ్లలో సగం గడ్డం మీదుగా నా ఒళ్లోకి వస్తాయి. అందుకని ఒంటికాలి తపస్సు చేస్తూ రాస్తున్నాను.

బుల్‌డాగ్ పెంపకం మీద లోకంలో ఉన్న జ్ఞానాన్నంతా కాచి వడబోస్తే చివరికి గిన్నెలో మిగిలేది ఒకే వాక్యం: "ఈ జాతికి ఇది మామూలే." నాకు ఈ మంత్రోపదేశం చేసిన గురువు, భీముణ్ణి నా చేతిలో పెట్టిన బ్రీడరే. రెండు నెలల పిల్ల. ఎత్తుకోగానే కుక్కరు విజిల్ వేయబోయే ముందు చేసే చప్పుడు చేశాడు. "ఏమిటండీ ఇది?" అన్నాను కంగారుగా. "ఈ జాతికి ఇది మామూలే సార్. ముద్దుగా లేదూ?" అన్నాడు. ఉంది. నిజంగానే ముద్దుగా ఉంది. ఎద్దు పుండు కాకికి ముద్దని పెద్దవాళ్లు ఊరికే అన్నారా!

ఆనాటి నుంచి ఆ వాక్యం మా ఇంటి రాజ్యాంగమైపోయింది. గురక పెడితే మామూలే. తిన్నది కక్కితే మామూలే. మెట్లెక్కి కూలబడితే మామూలే. తిండితోపాటు గాలీ మింగేసి, ఆ గాలిని నిండు సభలో మరో దారిన వదిలితే అదీ మామూలే (ఈ ఒక్క విషయంలో నేను ఇప్పటికీ రాజ్యాంగానికి కట్టుబడే ఉన్నాను). ఈ విశ్వాసం నా ఒక్కడిదే అనుకోకండి. లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్లు 2012లో ఒక పరిశోధన వెలువరించారు. పొట్టి ముక్కు వల్ల శ్వాస ఇబ్బంది స్పష్టంగా ఉన్న కుక్కల యజమానులను పిలిచి అడిగితే, సగానికి పైగా మంది "మా కుక్కకి ఊపిరి సమస్యేమీ లేదండీ" అన్నారట. కుక్క పక్కనే నిలబడి ఈల వేస్తూ ఉండగానే అని ఉంటారు.

మన భాషలో మామూలు అనే మాటకి ఇంకో అర్థం కూడా ఉంది కదా, నెలనెలా బల్లకింది నుంచి ముట్టజెప్పేది. బుల్‌డాగ్ విషయంలో ఆ రెండర్థాలూ ఒక్కటే. మొదటి మామూలు అనుకున్నవాడు రెండో మామూలు కట్టక తప్పదు. చర్మానికో మామూలు, కంటికో మామూలు, కీళ్లకో మామూలు. ముక్కే లేని కుక్క మన ముక్కు పిండి వసూలు చేస్తుంది.

అసలు ఈ ముక్కు ఎక్కడికి పోయిందో కనుక్కుందామని చరిత్ర తిరగేశాను. ఇంగ్లండులో వెనకటికి ఎద్దును గుంజకి కట్టేసి దాని మీదికి కుక్కల్ని ఉసిగొల్పి చూసి ఆనందించేవారు. ఆ పనికి తయారైనవాడే బుల్‌డాగ్. 1835లో పార్లమెంటు చట్టం చేసి ఆ వేడుక ఆపించింది. ఎద్దు బతికిపోయింది, కుక్కకి ఉద్యోగం పోయింది. ఉద్యోగం పోయినవాణ్ణి ఊరికే వదలడం ఎందుకని మనుషులు వాడి ముఖం మీద పడ్డారు. తర్వాత వచ్చిన ప్రదర్శనల్లో ముఖం ఎంత చదునైతే అంత అందమన్నారు. తరానికి కొంత చొప్పున ఎముకను కుదించుకుంటూ పోయారు. కుదించుకుపోయింది ఎముక మాత్రమే. లోపలి కండ, అంగిలి, నాలుక, వాటి కొలత అవి తగ్గించుకోలేదు. మూడు గదుల ఇంటి సామాను ఒక్క గదిలో సర్దితే గుమ్మానికి బీరువా ఎలా అడ్డం పడుతుందో, భీముడి గొంతుకి వాడి అంగిలి అలా అడ్డం పడుతుంది. ముక్కు రంధ్రాలంటారా, వేలిగోటితో గీసిన రెండు గీతలు. వాటి వెనక శ్వాసనాళం కూడా మనిషి పిసినారితనం చూపించినట్టు సన్నం.

ఇంతా చేసి వీణ్ణి ధైర్యసాహసాలకు గుర్తుగా నిలబెట్టాం. బ్రిటన్ ప్రధాని చర్చిల్‌ని బుల్‌డాగ్‌తో పోల్చని కార్టూనిస్టు లేడు. పెద్దయ్యాక ఆయన ఇంట్లో పెంచుకున్నది మాత్రం పూడిల్ అనే ఉంగరాల బొచ్చుకుక్కని. తెలివైనవాడు. అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టుకి బుల్‌డాగే చిహ్నం. జట్టు మైదానంలో కుమ్ములాడుతుంటే ఆ చిహ్నం గీత పక్కన ఏసీ పెట్టిన గూట్లో కూర్చుంటుంది. శాస్త్రవేత్తలకి కూడా వీడి మీద గొప్ప గౌరవం. మనుషులకు నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బును అర్థం చేసుకోవడానికి సహజంగా ఆ జబ్బున్న జంతువు కావాల్సి వచ్చినప్పుడు, 1980లలో వాళ్లు ఎంచుకున్నది ఇంగ్లిష్ బుల్‌డాగ్‌నే. మనం ముద్దుగా ఉందని వీడియో తీసే గురకని వాళ్లు ప్రయోగశాలలో కొలిచారు.

ఇక సంరక్షణ. పొద్దున లేవగానే ముఖం కడుక్కోవాలి. నాది కాదు, భీముడిది. ముక్కు మీద తాడులా ఒక ముడత ఉంటుంది. దాన్ని బొటనవేలితో పైకెత్తితే లోపల ఎర్రగా, తడిగా, పులిసిన పిండి వాసనతో ఇంకో లోకం కనిపిస్తుంది. తడి దూదితో తుడవాలి, ఆ తర్వాత పొడి బట్టతో అద్దాలి. చాలామంది మొదటిది చేసి రెండోది మరిచిపోతారు. తడి మిగిలితే తుడవకపోవడమే నయం, ఎందుకంటే సూక్ష్మక్రిములకు కావలసింది ఆ తడే. పని జరుగుతున్నంతసేపూ భీముడు కళ్లు సగం మూసి, క్షౌరశాలలో జమీందారులా కూర్చుంటాడు. మొదటి ఏడాది నేను ఆ ముడత ఎత్తి చూసిన పాపాన పోలేదు. ఎర్రబడింది, మామూలే అనుకున్నాను. 2022లో అదే రాయల్ వెటర్నరీ కాలేజీ లెక్క ప్రకారం ఈ ముడతల చర్మవ్యాధి వచ్చే అవకాశం మిగతా కుక్కల కంటే ఇంగ్లిష్ బుల్‌డాగ్‌కి దాదాపు 38 రెట్లు ఎక్కువ. ముప్ఫై ఎనిమిది రెట్ల మామూలు.

రెండో ముడత ఉండే చోటు మర్యాదస్తుల సభలో చెప్పేది కాదు. కుక్కతోక వంకర అంటారు గానీ, బుల్‌డాగ్ తోక వంకర పోయి పోయి మర చుట్టుకుని ఒంట్లోకే దిగబడింది. దాని కింద ఒక జేబు. అక్కడా చెయ్యి పెట్టాల్సిందే, అక్కడా అదే తడి, అదే పొడి. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదాలనుకునేవాళ్లకి ఇక్కడ రెండు రకాల నిరాశ: పట్టుకోవడానికి తోక లేదు, తోక దొరికినా ఆ కుక్కకి ఈత రాదు. బరువంతా తలలోనూ ఛాతీలోనూ పెట్టుకుని, పొట్టికాళ్లతో నీళ్లలో దిగినవాడు రాయిలా మునుగుతాడు. కుక్కలన్నీ పుట్టుకతో ఈతగాళ్లని నమ్మి వీణ్ణి కొలనులోకి తోసే బంధువులుంటారు. ముందు వాళ్ల మీద కన్నేసి ఉంచండి.

ఎండ సంగతి వేరే చెప్పాలి. కుక్క మనలా చెమట పట్టి చల్లబడదు, నాలుక చాపి రొప్పి చల్లబడుతుంది. బుల్‌డాగ్‌కి ఆ రొప్పడమే కష్టం. కష్టపడి రొప్పితే గొంతు వాస్తుంది, వాస్తే దారి ఇంకా ఇరుకవుతుంది, ఇరుకైన కొద్దీ ఇంకా గట్టిగా రొప్పుతాడు. ఒకరోజు బద్ధకించి పొద్దెక్కాక షికారుకి తీసుకెళ్లాను. దారి మధ్యలో భీముడు నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు చాపి పడుకున్నాడు. నాలుక గరిటెలా వెడల్పయింది, గులాబీ రంగు కాస్తా వంకాయ రంగుకి తిరుగుతోంది, చొంగ జిగురులా సాగుతోంది. నేను లీష్ పట్టుకుని నిలబడి, ఈ జాతికి ఇది మామూలే అని చూసేవాళ్లకి వివరిస్తున్నాను. పక్కన మొక్కలకి నీళ్లు పడుతున్న కుర్రాడు వివరణ పూర్తిగా వినకుండానే పైపు ఇటు తిప్పి భీముడి ఒంటి నిండా నీళ్లు కొట్టాడు. కుక్క తడిసిపోతోందని వాణ్ణి కేకలేశాను కూడా.

డాక్టరుగారు తర్వాత చెప్పారు, కుర్రాడు చేసిందే వైద్యమని. ముందు నీళ్లు పోసి, గాలి తగిలేలా చేసి, ఆ తర్వాతే బండెక్కించాలట. తడి తువ్వాలు కప్పి ఉంచితే వేడి లోపలే ఉండిపోతుందట. పాపం ఆ కుర్రాడికి జాతుల గురించి ఏమీ తెలియదు. అందుకే అది మామూలని కూడా తెలియలేదు. అప్పటి నుంచి మా షికారు తెల్లవారకముందే, అదీ మెడకి కాలర్ తీసేసి ఛాతీకి హార్నెస్ కట్టి. అసలే ఇరుకు గొంతు, దానికి ఉరితాడు కూడా దేనికి?

తిండి గురించి పెద్దగా చెప్పను. 31 కిలోలున్నప్పుడు భీముణ్ణి అందరూ దిట్టంగా ఉన్నాడని మెచ్చుకునేవారు. డాక్టరుగారు పక్కటెముకల కోసం చెయ్యి పెట్టి వెతికి, దొరక్క, నా వైపు చూశారు. గొంతు చుట్టూ పేరుకున్న కొవ్వు కూడా ఊపిరికి అడ్డమేనట. గిన్నెలోకి కొలిచి వేయడం మొదలుపెట్టాను. భీముడు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక వంశవృద్ధి. తల పెద్దది, కటి సన్నది. అందుకని బుల్‌డాగ్ కాన్పుల్లో పదింట ఎనిమిదికి పైగా ఆపరేషన్‌తోనే అవుతున్నాయని బ్రిటన్‌లో జరిగిన ఒక సర్వేలో తేలింది. తనంతట తను కనలేని జాతి ఇంతకాలం వర్ధిల్లుతోందంటే మనిషి పట్టుదలకి ఇంతకన్నా రుజువేం కావాలి? నార్వేలో జంతుప్రేమికులు ఈ పట్టుదల మీద దావా వేశారు. 2022 జనవరిలో ఓస్లో కోర్టు బుల్‌డాగ్‌ల సంతానోత్పత్తి అక్కడి జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమంది. అదే ఏడాది నవంబరులో పై కోర్టు బుల్‌డాగ్ విషయంలో ఆ తీర్పు కొట్టేసింది. వార్త చదివి వినిపించాను. భీముడు నిద్రలో ఒక్క క్షణం ఊపిరి ఆపి, మళ్లీ అందుకున్నాడు. అభిప్రాయం చెప్పలేదు.

ఎండదెబ్బ తర్వాత డాక్టరుగారు ఒక పరీక్ష పెట్టారు. మూడు నిమిషాలు జోరుగా నడిపించడం, ముందొకసారి వెనకొకసారి గొంతు దగ్గర స్టెతస్కోప్ పెట్టి వినడం, సున్నా నుంచి మూడు దాకా ఒక గ్రేడు ఇవ్వడం. భీముడికి రెండు వచ్చింది. మన చదువుల లెక్కలో కాదు, ఇందులో సున్నా వస్తేనే ఫస్ట్ క్లాస్. "ఈ జాతికి ఇది మామూలే కదండీ?" అన్నాను అలవాటు కొద్దీ. ఆవిడ స్టెతస్కోప్ మెడలోంచి తీసి నా చెవులకి పెట్టి, రెండో కొస భీముడి గొంతు దగ్గర ఆనించారు. తుప్పుపట్టిన తలుపు తీస్తున్నట్టుంది. తీస్తూనే ఉన్నారు. ఎంతసేపటికీ తెరుచుకోవడం లేదు.

ముక్కు రంధ్రాలు కాస్త వెడల్పు చేసి, గొంతులోకి వేలాడుతున్న అంగిలి కొస కత్తిరించారు. మత్తు ఇవ్వడం, మత్తు దిగేదాకా కాపలా కాయడం ఈ కుక్కలకి పెద్ద గండమని ముందే సంతకం పెట్టించుకున్నారు. ఆ సాయంత్రం వరండాలో నేను నడిచిన దూరం భీముడు జన్మలో నడవలేదు.

వాపులన్నీ తగ్గి, కొన్ని వారాలు గడిచాక ఒక రాత్రి మెలకువ వచ్చింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. గుండె జారిపోయింది. చీకట్లో పరుగెత్తి వాడి పొట్ట మీద చెయ్యి పెట్టి చూశాను. లేస్తోంది, దిగుతోంది. నోరు మూసుకుని, ముక్కుతో, మిగతా కుక్కల్లాగా నిద్రపోతున్నాడు. వచ్చి పడుకున్నాను. అలా మూడుసార్లు లేచాను. నాలుగోసారి లేవబోతుంటే మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"వాడు బానే ఉన్నాడు, పడుకోండి. ఇన్నాళ్లూ వాడి గోలలో కలిసిపోయి తెలియలేదు గానీ, ఈ ఇంట్లో అసలు గురక మీది."

"నాదా? డాక్టరుకి చూపించుకోమంటావా?"

ఆవిడ అటు తిరిగి దుప్పటి లాక్కుంది.

"ఎందుకులెండి. ఈ జాతికి ఇది మామూలే."