ఏప్రిల్ ఈఆర్ఏ చూసి తీర్పులు చెప్పకండి

సీజన్ మొదలై మూడు వారాలైనా కాకముందే అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ అభిమానులు తేల్చేస్తారు, ఈ ఏడు మన పిచింగ్‌కి తిరుగులేదనో, ఫలానా స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్, అంటే బంతి విసిరేవాడు)‌ పనైపోయిందనో. డాలస్ చుట్టుపక్కల రేంజర్స్‌ని ఫాలో అయ్యే మన తెలుగువాళ్లూ ఇందుకు మినహాయింపు కాదు. ఈ తొందర తప్పు.

2018లో న్యూయార్క్ మెట్స్ మొదటి 12 మ్యాచుల్లో 11 గెలిచింది, చివరికి 77 గెలుపులు, 85 ఓటములతో ఇంటికెళ్లింది. మరుసటి ఏడాది వాషింగ్టన్ నేషనల్స్ 19-31 దగ్గర పడి ఉండి, అక్కణ్నుంచి లేచి వరల్డ్ సిరీస్ కొట్టింది.

అసలు గొడవంతా ఈఆర్ఏతోనే. తొమ్మిది ఇన్నింగ్స్‌కి, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కి, పిచర్ సగటున ఎన్ని రన్స్ ఇచ్చాడో చెప్పే అంకె ఇది (ఫీల్డర్ల తప్పిదాలతో వచ్చినవి లెక్కలోకి రావు), ఎంత తక్కువైతే అంత మంచిది. నాలుగు మ్యాచుల్లో 20 ఇన్నింగ్స్ వేసి 6 రన్స్ ఇచ్చిన పిచర్ ఈఆర్ఏ 2.70, అంటే స్టార్. తర్వాతి మ్యాచ్‌లో ఒక్క ఇన్నింగ్సే వేసి, అదీ చెడి 5 రన్స్ పోతే అది 4.71కి ఎగబాకుతుంది, అభిమానులు తిట్టడం మొదలుపెడతారు. అదే 5 రన్స్ సెప్టెంబరులో పోతే, అప్పటికి 180 ఇన్నింగ్స్ వేసి ఉంటాడు కాబట్టి, ఆ అంకె పెద్దగా కదలదు కూడా. పైగా బంతి బ్యాట్‌కి తగిలాక ఫీల్డర్ చేతిలో పడుతుందా, సందులోంచి జారిపోతుందా అన్నది చాలావరకు పిచర్ చేతిలో లేని విషయం. కాబట్టి స్ట్రైకౌట్లు (బ్యాటర్ మూడు స్ట్రైక్‌లతో ఔటవడం) ఎన్ని, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకి బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి వెళ్లడం) ఎన్ని అన్నది చూడండి, అవి కాస్త ముందుగా నిజం చెబుతాయి.

ఏప్రిల్ గెలుపు కూడా గెలుపే కదా అంటారు, నిజమే. 2023లో టాంపా బే రేస్ వరుసగా 13 గెలిచి మొదలుపెట్టింది, 99 గెలుపులతో ముగించింది. కానీ ఆ 13 గెలుపుల వరస సాగుతుండగానే, 0.56 ఈఆర్ఏతో ఉన్న ఆ జట్టు పిచర్ జెఫ్రీ స్ప్రింగ్స్ మోచేయి దెబ్బతింది. ఆగస్టుకల్లా షేన్ మెక్‌క్లానహాన్‌ కూడా, మోచేతి లిగమెంట్‌ని బాగుచేసే టామీ జాన్ సర్జరీకి వెళ్లాడు.

నన్ను నిజంగా కలవరపెట్టేది ఈ చేతి గాయాలే. 2024లో పిచర్ షేన్ బీబర్ మొదటి రెండు మ్యాచుల్లో 12 ఇన్నింగ్స్ వేసి ఒక్క రన్ ఇవ్వలేదు, 20 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంతే, మోచేతి లిగమెంట్ పోయి సీజన్ ముగిసింది. అంతకుముందు ఏడాది 281 స్ట్రైకౌట్లు చేసిన పిచర్ స్పెన్సర్ స్ట్రైడర్ కూడా 2024లో రెండు మ్యాచులకే ఆగిపోయాడు. చెయ్యి లోపల ఏం తెగుతోందో మనం మురిసిపోయే ఏ అంకెలోనూ కనపడదు. సగటు ఫాస్ట్‌బాల్ వేగం 2008లో గంటకు 91 మైళ్ల దగ్గర ఉండేది, ఇప్పుడు 94 దాటింది. ఐదు ఇన్నింగ్స్ చాలు, ప్రతి బంతీ ప్రాణం పెట్టి విసురు అని కుర్రాళ్లకి హైస్కూల్ నుంచే నేర్పుతున్నారు, స్కౌట్లు కూడా రాడార్ గన్ చూసే ఎంచుకుంటున్నారు.

దీన్ని ఆపాలంటే లీగే రూలు మార్చాలి. ఇప్పుడు 26 మంది జట్టులో 13 మంది దాకా పిచర్లు ఉండొచ్చు. ఆ సంఖ్యని ముందు 12కి, తర్వాత 11కి దించాలి. బుల్‌పెన్‌లో (స్టార్టర్ తర్వాత దిగే పిచర్ల గుంపు) మనుషులు తగ్గితే స్టార్టర్ ఏడో ఇన్నింగ్స్ దాకా నిలబడక తప్పదు, నిలబడాలంటే మొదటి బంతి నుంచే ఒళ్లంతా విరుచుకుని విసరడం కుదరదు.