ముందు ఆయమ్మ మాట వినాలి

వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో టీమ్ సరిగ్గా నడవాలంటే ఇన్‌ఛార్జ్ కచ్చితంగా, గట్టిగా ఉండాలని మీ వ్యాసంలో రాశారు. అదొక్కటే సరిపోదండీ. నేను హైదరాబాద్‌లో మంచం పట్టిన పెద్దవాళ్లను చూసుకునే చోట పదకొండేళ్లుగా నర్సుగా చేస్తున్నాను.

మొదట్లో డ్యూటీ మారేటప్పుడు ఇన్‌ఛార్జ్ మా నర్సులతోనే మాట్లాడేవారు. పెద్దవాళ్లకు స్నానం చేయించే ఆయమ్మలు గుమ్మం బయటే. ఒకరోజు ఒక ఆయమ్మ "తాతగారి నడుం కింద వేడిగా, గట్టిగా తగులుతోంది సిస్టర్" అని చెప్పబోతే, "తర్వాత చూద్దాంలే" అన్నారు ఇన్‌ఛార్జ్. నాలుగు రోజులకు అక్కడ, కదలకుండా పడుకోవడం వల్ల వచ్చే పుండు పడింది. మానడానికి మూడు నెలలు పట్టింది. పుండు పడబోయే ముందు తెల్లటి ఒంటి మీదైతే ఎరుపు కనిపిస్తుంది, చామనఛాయ వాళ్లకు అది సరిగ్గా కనబడదు, చేత్తో తడిమి చూడాలి. ఆ దశలోనే రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతూ, తడి లేకుండా చూసుకుంటే చాలావరకు ముదరదు. అది ముందుగా తెలిసేది స్నానం చేయించే మనిషికే, ఫైలు రాసుకునే మాకు కాదు.

తర్వాత ఇన్‌ఛార్జ్‌గా వచ్చిన సిస్టర్ మొదటి రోజే ఆయమ్మలకూ కుర్చీలు వేయించారు. ముందు వాళ్లు చెప్పాలి, తర్వాతే మేం. రాత్రి మనుషులు తక్కువైతే తనే గ్లౌజులు వేసుకుని డైపర్లు మార్చేవారు. పని మానేసి వెళ్లేవాళ్లు తగ్గారు. మతిమరుపు వచ్చిన పెద్దవాళ్లకు రోజూ అదే మొహం కనిపించడం ఎంత ధైర్యమో!

దయచేసి ఆయమ్మల జీతాల గురించి కూడా ఒక వ్యాసం రాయండి.