ఆరెస్సెస్ ఫీడ్: పాఠకులొచ్చే దారా, పాత సామానా?

హైదరాబాద్‌లో జరిగే సభలు, నాటకాలు, ప్రదర్శనల వివరాలిచ్చే ఒక చిన్న తెలుగు వెబ్‌సైట్ ఉందనుకోండి. వర్డ్‌ప్రెస్ అనే సైట్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది, వారానికి ఏడెనిమిది పోస్టులు, చూసుకునేది ఒక్క మనిషి. ఆ మనిషికి దొరికే రెండు రోజుల ఖాళీని ఆరెస్సెస్ ఫీడ్ (సైట్‌లో కొత్తగా వచ్చిన పోస్టుల జాబితాని వేరే యాప్‌లు చదువుకునేలా ఇచ్చే ఫైలు) సరిచేయడానికి పెట్టాలా, వాట్సాప్ ఛానెల్ పెంచడానికి పెట్టాలా అన్నది వాదన. యాదగిరి సర్వర్లు చూసేవాడు, ఫీడ్ పక్షం. శ్రావణి పాఠకుల లెక్కలు చూసేది, ఎదురుపక్షం. ఇద్దరూ ఆ సైట్ తమదే అన్నట్టు మాట్లాడుకుంటున్నారు.

శ్రావణి: ఫీడ్లు చదువుకునే గూగుల్ రీడర్‌ని 2013 జూలై 1న మూసేశారు. 2018 డిసెంబరులో వచ్చిన 64వ వెర్షన్‌తో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కూడా ఫీడ్లు చూపించడం మానేసింది. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభకి వచ్చే పెద్దాయన ఫోన్‌లో ఫీడ్లీ లాంటి ఫీడ్ రీడర్ ఉంటుందా అన్నా? ఉండేది వాట్సాప్. ఆ రెండు రోజులూ అక్కడ పెట్టమంటాను.

యాదగిరి: పెద్దాయన ఫీడ్ రీడర్ పెట్టుకోడు, ఒప్పుకుంటున్న. ఫీడ్ ఆయన కంటికి చూపించేదే కాదు. కొత్త పోస్టుల జాబితాని మెషీన్‌కి అర్థమయ్యే తీరులో ఒక అడ్రసులో పెడుతున్నం, అంతే. సైట్ ఓనర్ల కోసం గూగుల్ పెట్టిన సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్ (పేజీల జాబితా) లెక్క దాన్నే ఇయ్యొచ్చు. మెయిల్ సర్వీసు దాన్నే చదివి వారం వారం ఉత్తరం తయారు చేస్తది. టెలిగ్రామ్ బాట్ దాన్నే చూసి లింకు పెడతది. రేపు సభల ఆడియో పెడదామంటే పాడ్‌కాస్ట్ యాప్‌లకి ఇచ్చేది కూడా ఫీడ్ అడ్రసే. ఆయనకి నీ పేజీ గూగుల్‌లో కనపడొచ్చు, మనవడు పంపిన మెయిల్‌లో కనపడొచ్చు. నడుమ ఫీడ్ ఉన్నదని ఆయనకి తెల్వాల్సిన పని లేదు.

శ్రావణి: తెలుగులో ఈ ముచ్చట ఒకసారి తీరింది కదా. కూడలి, జల్లెడ, హారం, మాలిక... బ్లాగుల ఫీడ్లన్నీ ఒకచోట చేర్చిన సంకలినులే అవన్నీ. రాసేవాళ్ళు ఫేస్‌బుక్‌కి తరలిపోయాక వెలవెలబోయాయి.

యాదగిరి: రాసుడే ఆగిపోతే ఫీడ్ దేన్ని మోస్తది? అవి నడిచినన్ని రోజులు కొత్త బ్లాగులకి చదువరులని తెచ్చిపెట్టినయి. మరి ఫేస్‌బుక్‌కి పోయినోళ్ళ సంగతేంది? పేజీని లైక్ కొట్టినోళ్ళందరికీ పోస్టు కనపడదు, ఎవరికి చూపాల్నో కంపెనీవాడే తేలుస్తడు. వాట్సాప్ ఛానెల్‌లో చేరినోళ్ళ ఫోన్ నంబర్ల జాబితా నీ చేతికి రాదు. ఆ ఛానెల్ పోయిన రోజు మళ్ళీ మొదటి మనిషి నుంచి మొదలుపెట్టాలె.

శ్రావణి: ఫీడ్ వాళ్ళకి మాత్రం ఆ గతి పట్టలేదా? ఫీడ్లని చందాదారులకి చేర్చే ఫీడ్‌బర్నర్‌ని 2007లో గూగుల్ కొన్నది, 2021లో దాని ఈమెయిల్ సేవ తీసేసింది. దాన్ని నమ్ముకున్నవాళ్ళు చందాదారుల జాబితా మూటగట్టుకుని ఇంకో ఇల్లు వెతుక్కున్నారు.

యాదగిరి: మూటగట్టుకోనిచ్చిండ్రు కదా, ఛానెల్‌లో అదీ లేదు. అయినా పాఠం మంచిదే. ఎవరికిచ్చినా నీ డొమైన్ మీదున్న ఫీడ్ అడ్రసే ఇయ్యాలె, నడిమిట్లోవాడి అడ్రసు ఇయ్యొద్దు. వర్డ్‌ప్రెస్‌లో సైట్ పేరు చివర స్లాష్ కొట్టి ఫీడ్ అని రాస్తే వస్తది. నాటకాల విభాగం అడ్రసు చివర అదే రాస్తే ఒక్క నాటకాల ఫీడ్ వస్తది.

శ్రావణి: అంటే ఫీడ్ ఇప్పటికే ఉంది, పైసా ఖర్చు లేదు. మరి రెండు రోజుల పని ఎక్కడిది?

యాదగిరి: అదే నేను అడిగించుకోవాలనుకున్న ప్రశ్న. ఫీడ్ ఉంటది గానీ తెరుచుకోదు, అది చాలా సైట్ల రోగం. ఆహ్వాన పత్రాలు డీటీపీ సెంటర్ నుంచి 'అను' అనే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లలో వస్తయి, నువ్వు యూనికోడ్‌కి మార్చి అతికిస్తవు. ఆ మార్పిడిలో ఒక్కోసారి కంటికి కనపడని కంట్రోల్ అక్షరం మిగులుతది. బ్రౌజర్ దాన్ని పట్టించుకోదు, పేజీ మంచిగనే కనపడతది. ఫీడ్ రాసే ఎక్స్‌ఎంఎల్ భాష మాత్రం ఒప్పుకోదు. ఆ ఒక్క అక్షరానికి ఫీడ్ మొత్తం ఆగుతది, ఆ పోస్టు ఒక్కటే కాదు. అతికించే ముందు నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ లాంటి ఎడిటర్‌లో కనపడని అక్షరాలు చూపించుమని పెట్టి తీసెయ్యాలె.

శ్రావణి: ఫైల్ మొదట్లో ఖాళీ లైను వచ్చినా ఇంతేగా?

యాదగిరి: అంతే. థీమ్ ఫంక్షన్స్ ఫైల్ (సైట్ రూపాన్ని నడిపే కోడ్) చివరనో మొదటనో ఒక్క ఖాళీ లైను మిగిలితే, ఎక్స్‌ఎంఎల్ ప్రకటన మొదటి లైనులో లేదని ఎర్రర్ వస్తది. ఫీడ్‌లో తప్పులు పట్టే డబ్ల్యూ3సీ ఫీడ్ వ్యాలిడేటర్‌లో అడ్రసు పెడితే ఏ లైనులో తప్పున్నదో చెప్తది. కానీ ఎక్స్‌ఎంఎల్ తప్పు కానిది ఇంకొకటి ఉన్నది. సెక్యూరిటీ ప్లగిన్. ఫీడ్ తీసుకోవడానికొచ్చిన రోబోని 'నువ్వు మనిషివేనా' అని అడుగుతది. రోబో జవాబు చెప్పలేదు, 403 (లోపలికి రానియ్యం అన్న సంకేతం) తీసుకుని వెనక్కి పోతది. నువ్వు నీ బ్రౌజర్‌లో చూసుకుంటే అంతా సలక్షణంగనే ఉంటది, అందుకే నెలల తరబడి తెల్వదు. ఫీడ్ దారిని ఆ తనిఖీ నుంచి మినహాయించాలె. పాత కాపీని దాచి చూపే పేజీ క్యాష్ నుంచి కూడా, లేకుంటే పొద్దున పెట్టిన పోస్టు సాయంత్రం దాకా ఫీడ్‌లోకి రాదు.

శ్రావణి: మీరు సర్వర్ వైపు నుంచే చూస్తున్నారు. మనలాంటి సైట్లో అసలు తప్పు తేదీ దగ్గర జరుగుతుంది. కార్యక్రమం శనివారం అని పోస్టు తేదీ కూడా శనివారం వేస్తారు, వర్డ్‌ప్రెస్ దాన్ని శనివారం దాకా బయటికి వదలదు. కార్యక్రమాల ప్లగిన్లు (సైట్‌కి తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్లు) కొన్నిటిలో ఫీడ్‌కి వెళ్ళే పబ్‌డేట్ కూడా కార్యక్రమం తేదీయే. రాబోయే తేదీ చూసి ఒక రీడర్ దాన్ని అన్నిటికన్నా పైన పెడుతుంది, ఇంకొకటి అసలు చూపదు. మెయిల్ సర్వీసు గత ఉత్తరం తర్వాత వచ్చినవాటిని తేదీ చూసే ఏరుతుంది, కాబట్టి అక్కడా గందరగోళమే. పబ్‌డేట్ అంటే ప్రచురించిన తేదీ. శనివారం అన్నది శీర్షికలో ఉండాలి.

యాదగిరి: ఇంత తెలిసి ఎదురుపక్షం ఎట్ల కూర్చున్నవ్?

శ్రావణి: తెలుసు కాబట్టే. ఇదంతా చేసినా కొత్త మనిషి రాడు, ఉన్నవాళ్ళు జారిపోకుండా ఉంటారంతే. సరే, పని చేస్తే సరిగ్గా చేయాలి. సెట్టింగ్స్‌లో టైమ్‌జోన్ కోల్‌కతా అని ఉందో లేదో చూడండి. యూటీసీలో (మన టైముకి అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) వదిలేస్తే పొద్దున 6కి షెడ్యూల్ చేసింది 11:30కి బయటికొస్తుంది, అప్పటికి ఉదయం సభ అయిపోతుంది. ఫీడ్‌లో మామూలుగా 10 పోస్టులే ఉంటాయి. జనవరిలో నుమాయిష్, డిసెంబరులో పుస్తక ప్రదర్శన ఉన్నప్పుడు వారానికి 20 పోస్టులవుతాయి, వారం ఉత్తరానికి మొదటి సగం అందవు. రీడింగ్ సెట్టింగ్స్‌లో ఆ సంఖ్య 30 చేయాలి.

యాదగిరి: అదే పేజీలో పూర్తి పాఠమా, సారాంశమా అని అడుగుతది. పూర్తి పాఠం పెట్టు.

శ్రావణి: ససేమిరా పెట్టను. పూర్తి పాఠం పెడితే కాపీ సైట్లు ఫీడ్ నుంచే మొత్తం ఎత్తుకుపోతాయి, పోస్టు వేసిన నిమిషాల్లో.

యాదగిరి: ఎత్తుకుపోయేటోడు పేజీ నుంచి కూడా ఎత్తుకుపోతడు. సెర్చ్ కోసం పెట్టుకునే యోస్ట్ ప్లగిన్‌లో ప్రతి ఫీడ్ పోస్టు కింద 'ఇది మొదట ఫలానా సైట్లో వచ్చింది' అని లింకుతో చేర్చే ఏర్పాటు ఉన్నది. మక్కీకి మక్కీ దించేటోడు ఆ లైను కూడా దించుకుంటడు, నీకు లింకు వస్తది.

శ్రావణి: పెద్ద వ్యాసాలున్న సైట్‌కి అది సరే. మనది సమాచారం. నాకు సారాంశం కావాలి, కానీ వర్డ్‌ప్రెస్ తనంతట తను కోసే సారాంశం వద్దు. అది మొదటి 55 మాటలు తీసుకుంటుంది. మన పోస్టుల్లో మొదటి 55 మాటలు ముఖ్య అతిథుల పేర్లకే చాలవు, వేదిక పేరు వచ్చేలోపే చుక్కలు పడతాయి. ఎక్సర్ప్ట్ (సారాంశం) పెట్టెలో చేత్తో రెండు వాక్యాలు రాయాలి: ఎప్పుడు, ఎక్కడ, టికెట్ ఎంత. ఇంకా ఘోరం, ఆహ్వాన పత్రం బొమ్మ ఒక్కటే పెట్టి వదిలేసిన పోస్టు. ఫీచర్డ్ ఇమేజ్ (పోస్టుకి పెట్టే ముఖ్య బొమ్మ) మామూలుగా ఫీడ్‌లోకి వెళ్ళదు, పాఠం లేదు, కాబట్టి అవతలివాళ్ళకి వెళ్ళేది ఉత్త శీర్షిక.

యాదగిరి: ఇది నువ్వు గెలిచినవ్, రాసుకో. అయితే సైట్ అడ్రసు హెచ్‌టీటీపీఎస్‌కి (భద్రమైన అడ్రసు) మారినప్పుడు డేటాబేస్‌లో పాత అడ్రసు వెతికి కొత్తది పెట్టే పని చేస్తరు కదా, అక్కడ జీయూఐడీ వరసని ముట్టొద్దు. అది పోస్టు గుర్తింపు సంఖ్య లాంటిది. మారితే ఫీడ్‌లో ఉన్న 30 పోస్టులూ చందాదారులకి కొత్తవి లెక్క మళ్ళీ పడతయి. ఒక్కసారి అట్ల జరిగితే సగం మంది చందా తీసేస్తరనుకో.

శ్రావణి: సగం మంది అంటే ఆరుగురా? ఎంతమంది ఉన్నారో ఎలా తెలుస్తుంది?

యాదగిరి: సర్వర్ లాగ్‌లో తెలుస్తది. ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటివి ఫీడ్ తీసుకోవడానికి వచ్చినప్పుడు తమ పేరుతో పాటు ఇంతమంది చందాదారులని కూడా చెప్తయి. మెయిల్‌లో, టెలిగ్రామ్‌లో పోయే లింకులకి యూటీఎం గుర్తు (లింకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే తోక) వేరువేరుగా తగిలించు, ఏది ఎంత తెచ్చిందో ఎనలిటిక్స్‌లో విడివిడిగా కనపడతది.

శ్రావణి: మెయిల్‌కి ఒప్పుకుంటాను, గురువారం పొద్దున ఒక్కసారి, శని ఆదివారాలకి ముందు. టెలిగ్రామ్ బాట్‌కి మాత్రం ఒప్పుకోను. బాట్ వరసగా పారబోసే లింకుల్ని జనం మ్యూట్ చేస్తారు. వాట్సాప్ ఛానెల్‌లో నేను రోజుకి ఒకటే, చేత్తో రాసి పెడతాను.

యాదగిరి: పెట్టు, నాకేం అడ్డం లేదు. ఫీడ్‌ని సూచించే ఆ నారింజ రంగు గుర్తుని నేరుగా ఎక్స్‌ఎంఎల్‌కి లింక్ చేయకు. నొక్కినోడికి ట్యాగులు కనపడితే సైట్ పాడైందనుకుంటడు. ఒక పేజీ చేసి విభాగాల వారీగా ఫీడ్ అడ్రసులు, పక్కనే మెయిల్ చందా పెట్టె పెట్టు. అదే పేజీలో నీ ఛానెల్ లింకు కూడా పెట్టుకో.

శ్రావణి: ఛానెల్ లింకే పైన ఉంటుంది. మీ ఫీడ్లు కింద.

యాదగిరి: కిందనే ఉండనీ. ముందుగాల ఆ సెక్యూరిటీ ప్లగిన్‌లో మినహాయింపు పెట్టు, నేను బయటి సర్వర్ నుంచి ఫీడ్ తెరిచి 200 (సరే అన్న సంకేతం) వస్తున్నదో 403 వస్తున్నదో చూస్త.