చాట్‌బాట్‌ను రోగిగా పడుకోబెట్టండి

ఎంబీబీఎస్ విద్యార్థి ఫోన్‌లో చాట్‌బాట్ ఉండాలా వద్దా అనే చర్చకు కాలం చెల్లింది. ఎలా వాడాలన్నదే తేలాలి. అడిగిందే తడవుగా జవాబు చెప్పే ట్యూటర్‌గా వాడితే నష్టమే. తుర్కియేలో దాదాపు వెయ్యి మంది హైస్కూలు విద్యార్థులపై జరిగిన ప్రయోగం ఆ సంగతి తేల్చింది. మామూలు చాట్‌బాట్‌ను పక్కన పెట్టుకుని లెక్కలు సాధన చేసినవాళ్లు, అది లేకుండా రాసిన పరీక్షలో, అసలు వాడనివాళ్లకంటే 17 శాతం వెనకబడ్డారు.

అదే బాట్‌కు సిమ్యులేషన్‌లో, అంటే కంప్యూటర్‌పై నడిచే ఉత్తుత్తి కేసులో, రోగి వేషం వేయించండి. అప్పుడు అడగందే ఏదీ బయటికి రాదు. ఇదేమీ కొత్త ఊహ కాదు. స్టాన్‌ఫర్డ్‌లో కెన్నెత్ కోల్బీ 1972లోనే మానసిక రోగిలా మాట్లాడే ప్రోగ్రాం తయారుచేశాడు. ఇక హిస్టరీ తీయడం, అంటే రోగిని అడిగి జబ్బు వివరాలు రాబట్టడం, విలువెంతో 1975 నాటి బ్రిటిష్ అధ్యయనం చెప్పింది: అవుట్‌పేషెంట్‌కు కొత్తగా వచ్చిన 80 మందిలో 66 మందికి, రిఫరల్ ఉత్తరం చదివి హిస్టరీ తీసుకోగానే అనుకున్న జబ్బే చివరికి ఖాయమైంది.

ఒక కేసు కడదాం. 55 ఏళ్ల మహిళ. "రాత్రి నుంచి గ్యాస్ పట్టేసింది నాయనా, రెండుసార్లు వాంతయింది" అంటుంది, అంతే. చెమటలు పట్టాయా అని అడిగితేనే "జాకెట్టు తడిసిపోయింది" అంటుంది. పన్నెండేళ్ల షుగర్ సంగతీ అడిగితేనే. గ్యాస్ మాత్ర పాంటాప్ రాసి పంపేసినవాడు గుండెపోటును ఇంటికి పంపినట్టే. ఈసీజీ తీయించినవాడికి రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో ఎస్టీ ఎలివేషన్, అంటే గుండె కింది భాగంలో గుండెపోటు గుర్తు, కనిపిస్తుంది. అక్కడితో గట్టెక్కినట్టు కాదు. ఛాతీకి కుడివైపు పెట్టే ఈసీజీ లీడ్లు చూడకుండా నాలుక కింద రక్తనాళాలను వెడల్పు చేసే సార్బిట్రేట్ మాత్ర పెట్టిస్తే, కుడి జఠరిక (గుండె కుడివైపు కింది గది) దెబ్బతిన్న ఈ రోగి బీపీ 100/60 నుంచి 70/40కి జారుతుంది. వార్డులో ఈ తప్పు ప్రాణం తీయగలదు. ఇక్కడైతే కేసు మళ్లీ మొదటినుంచి నడపొచ్చు.

"నువ్వు గుండెపోటు రోగివి" అని ఒక్క వాక్యం ఇచ్చి బాట్‌ను వదిలితే మాత్రం కేసు పాడవుతుంది. సాయం చేయడానికి శిక్షణ పొందిన యంత్రం కదా, "ఏమైందమ్మా" అనగానే చెమటలు, షుగర్, ఎడమచేతి లాగుడు అన్నీ ఏకరువు పెడుతుంది. అందుకే జబ్బు పేరు దానికి ఇవ్వనేకూడదు. నిజం రోగికి మాత్రం తెలుసా? రోగి వివరాలను ఒక షీట్‌లో రాసి మూడుగా విడదీయాలి: తనంతట చెప్పేవి, అడిగితే చెప్పేవి, గుచ్చి అడిగితే తప్ప చెప్పనివి. షీట్‌లో లేనిదానికి "తెలీదు నాయనా" అనాలి. లేదంటే "మా నాన్నా గుండెతోనే పోయాడు" అని కల్పించి విద్యార్థిని దారి తప్పిస్తుంది. బీపీ, నాడి, ల్యాబ్ అంకెలు బాట్ నోట రాకూడదు, సిమ్యులేషన్ ప్రోగ్రాం నుంచే రావాలి. బాట్ చేసేది వాక్యం అల్లడం. ఇప్పుడు 100 అన్న బీపీని కాసేపటికి 140 అనగలదు. సంభాషణ సాగేకొద్దీ మొదటి సూచనలు జారిపోతాయి కనుక ప్రతి ప్రశ్నతోపాటు షీట్‌ను మళ్లీ పంపాలి, పదిహేను నిమిషాలకు ఆపేయాలి. మార్కులు బాట్ వేయకూడదు. సంభాషణ అచ్చు తీసి చెక్‌లిస్టు పక్కన పెట్టుకుని అధ్యాపకుడే చూడాలి.

ఉస్మానియాలో, కేజీహెచ్‌లో నిజం రోగులే కిటకిటలాడుతుంటే యంత్రం ఎందుకంటారు కొందరు. పొట్ట నొక్కి చూడటం, స్టెతస్కోపుతో వినడం వార్డులోనే వస్తాయి, నిజమే. కానీ పదో విద్యార్థి వెళ్లేసరికి "హార్ట్ ఎటాక్ అన్నారు బాబూ" అని రోగే చెప్పేస్తుంది. ఇక వాడు కనిపెట్టేదేముంది?

అసలు జబ్బు ఇంకా కింద ఉంది. నీట్‌లో 180 ప్రశ్నలకు నాలుగేసి ఆప్షన్లలో ఒకటి గుర్తించి 720కి మార్కులు తెచ్చుకున్న పిల్లవాడిని వార్డులో నిలబెట్టి "అడుగు" అంటున్నాం. ఇంటర్ కార్పొరేట్ కాలేజీలో రెండేళ్లు వాడు నోరు విప్పి ప్రశ్న అడిగితే "సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాం. జవాబుకే తప్ప ప్రశ్నకు మార్కు వేసిన పరీక్ష మన దగ్గర ఒక్కటైనా ఉందా? ఒకటో తరగతి నుంచి ఇదే వరస. ఇప్పుడు ఏఐ జవాబులను ఉచితంగా పంచుతుంటే, మనం ఇంకా వాటికే ర్యాంకులిస్తున్నాం.

కాబట్టి ఇంటర్నల్ అసెస్‌మెంట్‌లో మెడిసిన్ ప్రాక్టికల్స్ నుంచే మొదలుపెట్టండి. డయాగ్నసిస్‌కు సగం మార్కులు, అడిగిన ప్రశ్నలకు సగం. జబ్బు పేరు సరిగ్గా రాసినా చెమటల గురించి అడగనివాడికి ఆ రెండో సగంలో కోత పడాలి.