ఒజిబ్వే కథలు చలికాలంలోనే చదవమని ఎందుకంటానంటే

ఉత్తర అమెరికా ఆదివాసులైన ఒజిబ్వే వాళ్ళ కథల గురించి ఎక్కడ మాట వచ్చినా రెండే రకాల స్పందనలు చూస్తున్నాను. ఒకటి, "ఎంత ప్రశాంతంగా ఉన్నాయో, ప్రకృతితో కలిసి బతకడమంటే ఇదీ" అని. రెండోది మనవాళ్ళది, "తాబేలు వీపు మీద భూమి నిలబడిందట, ఇది మన కూర్మావతారమే కదా" అని. రెండూ నాకు చిరాకు తెప్పిస్తాయి.

ముందు ఆ తాబేలు సంగతి. సుపీరియర్ సరస్సు చుట్టూ, ఇటు మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్, అటు కెనడాలో ఒంటారియో, మానిటోబా దాకా ఉన్న జనం వీళ్ళు. వాళ్ళ కథలో లోకమంతా నీట మునిగిపోతుంది. అడుగు నుంచి పిడికెడు మట్టి తేగలిగితే మళ్ళీ నేల పుడుతుంది. ఈతలో పేరు మోసిన జంతువులన్నీ ఒకదాని తర్వాత ఒకటి దిగి, ఊపిరాడక ఖాళీగా పైకొస్తాయి. చివరికి ఎవరూ లెక్కచేయని మస్క్‌రాట్, అంటే ఒక రకం నీటి ఎలుక, దిగుతుంది. ఎంతసేపటికీ రాదు. వచ్చేసరికి శవమై తేలుతుంది, పంజా విప్పి చూస్తే కాస్త మట్టి. ఆ మట్టిని తాబేలు తన వీపు మీద పెట్టించుకుంటుంది. మన కూర్మం అమృతం కోసం మందర పర్వతాన్ని మోసిన విష్ణువు. ఇక్కడ ఆ తాబేలు దేవుడు కాదు, మన కాళ్ళ కింద నేల ఉందంటే ఒక అల్పజీవి ప్రాణమిచ్చి తెచ్చినందుకే ఉంది. "ఇది మనదే" అని ఒక్క మాటలో తేల్చేశామంటే ఆ ఎలుక మనకు కనబడకుండా పోతుంది.

ఇక ప్రశాంతత. అసలు వాళ్ళ కథల్లో హీరో అయిన నానబోజో కథ ఒక్కటైనా చదివారా? తల్లి మనిషి, తండ్రి ఆత్మల లోకంవాడు, అమ్మమ్మ నోకోమిస్ పెంచింది. మనుషులకు ఎంతో నేర్పినవాడు, అంతకు అంత తిండిపోతు, మోసగాడు. కళ్ళు మూసుకుని డాన్స్ చేయమని బాతుల్ని పిలిచి ఒక్కొక్కదాని మెడా విరిచేస్తాడు. ఒక పక్షి ఒక కన్ను తెరిచి చూసి మిగతావాటిని హెచ్చరిస్తే దాన్ని కాలితో తంతాడు. దొరికిన బాతుల్ని వేడి ఇసుకలో కాల్చడానికి పెట్టి, తన పిర్రల్ని కాపలా ఉండమని చెప్పి నిద్రపోతాడు. దొంగలు అంతా తినేసి పోతారు. కోపంతో తన పిర్రల్నే మంట మీద పెట్టి కాల్చుకుంటాడు, ఆ గాయాలతో పొదల్లోంచి వెళ్తుంటే రక్తం అంటుకుని రెడ్ విల్లో కొమ్మలు ఎర్రగా అయ్యాయట. పిల్లలు పొట్టపట్టుకుని నవ్వే కథ ఇది. పవిత్రమైన కథ కూడా ఇదే. ఈ రెండూ ఒకేచోట ఉండటం నాకు మహా ఇష్టం, మంచివాడు చేసే మంచిపనుల కథలకంటే ఇది మనిషికి చాలా దగ్గర.

వాళ్ళ కథల్లో విండిగో అనే రాకాసి కూడా అంతే. సినిమాల్లో, గేముల్లో కొమ్ములున్న జింక తల పెట్టి చూపిస్తున్నారు, పాత కథల్లో ఆ కొమ్ములు లేవు. అది ఎముకలగూడు, మనుషుల్ని తినేది, తిన్నకొద్దీ ఒళ్ళు పెరుగుతుంది కాబట్టి దాని ఆకలి ఎప్పటికీ తీరదు. మంచులో తిండి దొరక్క జనం చచ్చిపోయే చోట పుట్టిన భయం అది. దురాశ గురించి ఇంత సూటిగా చెప్పిన కథ నేనింకోటి చదవలేదు, దాన్ని కొమ్ముల దెయ్యంగా మార్చేస్తే మిగిలేది ఏముంది చెప్పండి.

అసలు ఈ పవిత్ర కథలు మంచు పడ్డాకే చెప్పాలని వాళ్ళ పెద్దలు నియమం పెట్టుకున్నారు. వేసవి పనుల కాలం, పైగా చలికాలంలో నేల కింది, నీటి కింది ప్రాణులూ ఆత్మలూ నిద్రపోతాయి కాబట్టి తమ గురించి చెప్పుకునేది వాటికి వినపడదని నమ్మకం. నేను ఆ నియమం పాటించే చదువుతాను. మూఢనమ్మకం అంటారా, అనండి. ఎప్పుడంటే అప్పుడు, ఎక్కడంటే అక్కడ, ఎవరికంటే వాళ్ళకు దొరకాల్సిందే అనుకునే అలవాటు మనకు ఫోన్లతో వచ్చింది. ఆగి చదివితే ఇది ఒకరింటి సొత్తు అని గుర్తుంటుంది.

ఆ ఇంటివాళ్ళు ఏం పోగొట్టుకున్నారో కూడా తెలియాలి కదా. పిల్లల్ని బోర్డింగ్ స్కూళ్ళకు తీసుకుపోయి సొంత భాష మాట్లాడితే కొట్టారు. ఆదివాసీ మతాచారాలకు రక్షణ ఇస్తూ అమెరికా చట్టం చేసింది 1978లో. మరోపక్క బయటివాళ్ళకు మాత్రం ఈ కథలు ఎప్పుడూ ముద్దే. అమెరికన్ కవి లాంగ్‌ఫెలో 1855లో రాసిన ప్రసిద్ధ కావ్యంలో కథలు చాలావరకు ఒజిబ్వేవి, హీరోకి పెట్టిన హయావతా అనే పేరేమో వేరే జనానికి చెందిన నాయకుడిది. ఒంటారియోలో స్పానిష్ అనే ఊరి బోర్డింగ్ స్కూల్లో అలా పెరిగిన ఒజిబ్వే పిల్లవాడే బేసిల్ జాన్‌స్టన్. ఆయన 1976 నుంచి తన జనం కథల్ని తనే పుస్తకాలుగా తెచ్చాడు. మొదలుపెట్టాలంటే ఆయనతో మొదలుపెట్టండి.

హైదరాబాద్‌లో కారు అద్దాలకు వేలాడే డ్రీమ్ క్యాచర్లు, అంటే సాలెగూడులా అల్లిన చక్రాలు, కూడా ఒజిబ్వేవాళ్ళవే. పిల్లల్ని కాపాడే సాలీడు అమ్మ ఉందని, జనం దూరదూరాలకు పోయాక ఆమె అన్ని ఊయలల దగ్గరికీ వెళ్ళలేక ఆడవాళ్ళు ఆ గూళ్ళు అల్లడం మొదలుపెట్టారని చెబుతారు. పసిబిడ్డ ఊయలకు కట్టే వస్తువు అది. కొనొద్దు అనను, అల్లింది ఎవరో అడిగి కొనండి.

ఆధ్యాత్మికత అంటే మనసుకు హాయి అనుకునేవాళ్ళకు ఒక మాట. అక్కడి సరస్సుల్లో దానంతటదే పెరిగే అడవి వరిని వాళ్ళు మనోమిన్ అంటారు. నీటి మీద తిండి పెరిగే చోటు దొరికేదాకా పడమటికి నడవమన్న జోస్యం విని తూర్పు తీరం నుంచి వచ్చామని వాళ్ళ చరిత్ర. కోసేముందు పొగాకు సమర్పించి దండం పెడతారు. ఆ నమ్మకంతోనే మిన్నెసోటాలోని వైట్ ఎర్త్ అనే ఒజిబ్వే తెగ 2018లో ఆ వరికే హక్కులిస్తూ చట్టం చేసింది. చమురు పైప్‌లైన్ పనికి నీళ్ళు తోడుకోనిచ్చారని 2021లో ఆ వరి పేరు మీదే రాష్ట్ర ప్రభుత్వ శాఖపై తమ తెగ కోర్టులో కేసు వేశారు. రిజర్వేషన్, అంటే తెగకు కేటాయించిన భూమి, బయటి వ్యవహారం మా పరిధి కాదని 2022లో ఆ తెగ అప్పీలు కోర్టే కొట్టేసింది. ఈ కథలు నచ్చాయనేవాళ్ళు దయచేసి ఆ కేసు గురించి కూడా చదవండి, దానికి చలికాలం దాకా ఆగక్కర్లేదు.