తీసేస్తే పీడా పోతుందట!

"ఆడవాళ్లు తప్పక చదవాలి, పది మందికి పంపండి" అనే మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగుసార్లు వచ్చింది. మా టెన్త్ బ్యాచ్ గ్రూప్‌లో రెండుసార్లు, రాజాం నుంచి మా ఆడపడుచు ఒకసారి, నిన్న రాత్రి పదకొండింటికి పక్కింటి వదిన, దణ్ణం పెట్టే బొమ్మతో సహా. ఇంక ఊరుకోలేక, అందులోని ఐదు ముక్కలకీ, ముఖ్యంగా గర్భసంచి తీయించేసుకోమనే సలహాకీ, జవాబు రాస్తున్నాను.

మొదటి ముక్క: మన అమ్మమ్మలు పదేసి మందిని ఇంట్లోనే కన్నారు, ఆసుపత్రి గుమ్మం తొక్కలేదు. తొక్కలేదు, నిజమే. పురిట్లో పోయినవాళ్లు వాట్సాప్‌లో లేరు కాబట్టి వాళ్ల తరఫున ఎవరూ ఫార్వర్డ్ చేయరు. 2004-06లో ఉమ్మడి రాష్ట్రంలో లక్ష మంది బిడ్డలు పుడితే 154 మంది తల్లులు పోయేవారు. 2018-20కి మన ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్క 45కి దిగింది.

రెండోది: ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడు. నల్లబడేది విరేచనమమ్మా, బిడ్డ కాదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు ఆడవాళ్లలో నూటికి 59 మందికి రక్తం తక్కువని తేలితే, ఆ మాత్రలు పెరట్లో పారేయమని సలహా!

మూడోది: ఖాతాల్లో డబ్బులు పడి ఆడవాళ్లు సోమరులైపోతున్నారు. తొలి కాన్పుకు కేంద్రం ఇచ్చేది 5,000 రూపాయలు, అదీ విడతలుగా. అయిదు వేలకి సోమరితనం ఎక్కడ అమ్ముతున్నారో చెబితే నేనూ కొనుక్కుంటాను. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు ఒకసారి చూసి మాట్లాడండి.

ఇక నాలుగోది. "పిల్లలు పుట్టేశాక గర్భసంచితో ఏటి పని? తీయించేస్తే పీడా పోతుంది, కేన్సర్ రాదు." అసలు నా కోపమంతా దీని మీదే.

మా పిన్నిది చీపురుపల్లి దగ్గర పల్లె. 31 ఏళ్లప్పుడు తెల్లబట్ట అవుతోందని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లింది. చాలాసార్లు అది మందులతో తగ్గే ఇన్ఫెక్షనే. "వదిలేస్తే కేన్సరే" అని భయపెట్టారు. పుస్తెలతాడు కుదువపెట్టి చేయించుకుంది. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారని మాకు తర్వాతెప్పుడో కాగితాల్లో చూస్తే తెలిసింది. అవి పోతే ఈస్ట్రోజన్ పోతుంది, ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముందే తలుపు తడుతుంది. అండాశయాలు ఉంచినా చాలామందికి ముట్లుడిగే దశ ముందుకు జరుగుతుంది. ఇప్పుడు పిన్నికి 46. ఆర్టీసీ బస్సు మెట్టెక్కాలంటే రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, కాసేపు ఆగి, అప్పుడు కాలెత్తుతుంది. అర్ధరాత్రి ఒళ్లంతా మంటలని లేచి, తడి తువ్వాలు మెడకు చుట్టుకుని అరుగు మీద కూర్చుంటుంది.

ఇందాకటి 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు నూటికి సుమారు ముగ్గురైతే, మన రాష్ట్రంలో దాదాపు తొమ్మిది మంది. దేశంలో మొదటి స్థానం మనదే, ఈ ఘనతను కూడా ఫార్వర్డ్ చేయండి! బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అవసరం లేని ఆపరేషన్ల మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023లో అన్ని రాష్ట్రాలకూ మూడు నెలల గడువిచ్చి మార్గదర్శకాలు అమలు చేయమంది. పెద్ద గడ్డలో, ఆగని రక్తస్రావమో ఉండి మందులకు లొంగకపోతే తీయాల్సిందే, కాదనను. కానీ కేన్సర్ భయానికి తీయించుకోవడమేమిటి? గర్భాశయ ముఖద్వారంలో మార్పుల్ని ముందే పట్టే పరీక్షలున్నాయి. పళ్లు పుచ్చుతాయేమోనని దవడ పీకించుకుంటామా?

చివరి ముక్క: సిజేరియన్లు శ్రుతిమించాయి. ఇది మాత్రం నిజం, ఒప్పుకుంటున్నాను. అదే సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు కోతలే, ప్రైవేటులో అయితే 63. అన్నీ డబ్బు కోసమేనని మెసేజ్ అంటోంది. నా రెండో కాన్పుకు ముహూర్తం పెట్టమని డాక్టర్ అడగలేదు. అమావాస్య లోపు కానిచ్చేయమని మా మావగారే పంచాంగం పట్టుకుని ఆసుపత్రి వరండాలో కూర్చున్నారు. నేనూ సరేనన్నాను.